బరువు లెక్క లేని భాగాల జాబితా పిల్లల చేతికి ఇవ్వకండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

తక్కువ ఖర్చుతో ఇంట్లోనే నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్ తయారు చేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసం వేశారు. ఇలాంటి విషయానికి పత్రిక అంత చోటు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. నేను ముప్పై ఏళ్లుగా మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను. కాలిపోయిన కాయిళ్లు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టడం నా పని. పోయిన ఏడాది పద్నాలుగేళ్ల మా అమ్మాయితో కలిసి అలాంటి డ్రోన్ ఒకటి కట్టాను. అది ఇప్పటికీ ఎగురుతోంది. అందుకే మీ వ్యాసాన్ని ఇద్దరం కలిసి, ఒక్కో వాక్యం ఆగి ఆగి చదివాం.

ఒక వాక్యం దగ్గర మాత్రం మా అమ్మాయి చదవడం ఆపి నా వైపు చూసింది. బ్యాటరీకి ఖర్చు ఎక్కువనిపిస్తే పాత ల్యాప్‌టాప్ నుంచి సెల్స్ తీసి వాడుకోవచ్చని అక్కడ ఉంది. ఈ ఉత్తరం ప్రధానంగా ఆ వాక్యం గురించే.

మేము కట్టిన దానిలో ఒక్కో మోటారు పూర్తి వేగంలో 12 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ కలిస్తే 50, 60 ఆంపియర్లు. ల్యాప్‌టాప్‌లో ఉండే గుండ్రటి సెల్ నెమ్మదిగా, గంటల తరబడి, కొద్ది ఆంపియర్లు ఇవ్వడానికి తయారైంది. దాన్ని గట్టిగా లాగి 5 ఆంపియర్లు తీసుకున్నామనే అనుకుందాం. 60 ఆంపియర్లకు 12 సెల్స్ పక్కపక్కన కలపాలి. సుమారు 11 వోల్టుల కోసం అలాంటి వరసలు మూడు కావాలి. మొత్తం 36 సెల్స్. ఒక్కోటి దాదాపు 45 గ్రాములు కాబట్టి బ్యాటరీ ఒక్కటే 1,620 గ్రాములు అవుతుంది. మా డ్రోన్ బ్యాటరీతో సహా 900 గ్రాములు! ఆ బరువు వద్దని పిల్లవాడు మూడో ఆరో సెల్స్ కలిపి తగిలిస్తే అవి వేడెక్కుతాయి, వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, డ్రోన్ గాలిలోంచి రాయిలా పడుతుంది. ఇక పాత ప్యాకు ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన సెల్ కొసన రెండు ధ్రువాలనూ కలిపితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఎక్కువ కరెంటు ఇచ్చే ప్రత్యేకమైన లిథియం అయాన్ సెల్స్‌తో దూరప్రయాణపు డ్రోన్లు కట్టే అనుభవజ్ఞులు ఉన్నారు, కాదనను. కానీ అది మొదటి డ్రోన్ కట్టే పిల్లల పని కాదు, ఆ సెల్స్ పాత ల్యాప్‌టాప్‌లో దొరికేవీ కావు.

మీ వ్యాసంలోని జాబితా గురించి ఇంకో మాట. అందులో ఫ్రేమ్, మోటార్లు, బ్యాటరీ, రిమోట్ అన్నీ ఉన్నాయి. ఒక్క బరువు కూడా లేదు. మేమూ మొదట అలాగే తప్పటడుగు వేశాం. మా అమ్మాయి రాసుకున్న మొదటి కాగితంలో పెద్ద ఫ్రేమ్, 10 అంగుళాల ప్రొపెల్లర్లు, 2300 కేవీ మోటార్లు ఉన్నాయి. ‘ఇదే ఎందుకమ్మా?’ అని అడిగాను. ‘అంకె పెద్దగా ఉంటే బలం ఎక్కువ కదా నాన్నా’ అంది. అది బలం అంకె కాదు. ప్రొపెల్లర్ లేకుండా, ఒక వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పేదే కేవీ. మూడు సెల్స్ బ్యాటరీ 11.1 వోల్టులు. 920 కేవీ మోటారు దానిమీద నిమిషానికి పది వేల చుట్లకు కాస్త పైన తిరగాలని చూస్తుంది, 2300 కేవీది ఇరవై అయిదు వేలకు పైన. పది అంగుళాల ప్రొపెల్లర్‌ను అంత వేగంతో తిప్పాలంటే ఆ చిన్న మోటారు వల్ల కాదు. తిప్పలేక, తిప్పాలని కరెంటు లాగుతూనే ఉంటుంది. లోపల తీగ మీది ఎనామెల్ మాడుతుంది. ఆ వాసన నాకు రోజూ తెలిసిందే. అది వచ్చిన తరువాత ఇక చేయగలిగేది ఏమీ ఉండదు, మళ్లీ చుట్టుకోవడమే.

అందుకే ఆ కాగితం పక్కన పెట్టి ప్రొపెల్లర్ దగ్గర మొదలుపెట్టాం. ప్రొపెల్లర్ ఎంతో తేలితే ఫ్రేమ్ ఎంతో తేలుతుంది, ఏ మోటారు కావాలో తేలుతుంది, మోటారు లాగే కరెంటు తెలిస్తే మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ బోర్డు, బ్యాటరీ వాటంతట అవే తేలతాయి. 5 అంగుళాల ప్రొపెల్లర్ల డ్రోన్లు ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తాయి. అవి చాలా చురుకైనవి. రిమోట్ పుల్ల మీద వేలు కొంచెం జారినా ఇంటి కప్పు దాటిపోతాయి. మాకు నిదానంగా లేచి, నిదానంగా దిగేది కావాలి. పెద్ద ప్రొపెల్లర్ ఎక్కువ గాలిని తక్కువ వేగంతో కిందికి నెడుతుంది కాబట్టి అదే బరువును తక్కువ కరెంటుతో మోస్తుంది. పైగా పెద్ద ఫ్రేమ్‌లో టంకం పెట్టడానికి చేతికి చోటు ఉంటుంది. అలా 10 అంగుళాలు, ఎదురెదురు మోటార్ల మధ్య 450 మిల్లీమీటర్ల ఫ్రేమ్ ఖాయం చేసుకున్నాం. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. పెద్ద ప్రొపెల్లర్ తగిలితే వేలు లోతుగా తెగుతుంది. బరువు కూడా 250 గ్రాముల కంటే చాలా ఎక్కువ. చాలా దేశాల్లో ఆ హద్దు దాటితే నిబంధనలు మారతాయి. వాటిని భాగాలు కొనకముందే తెలుసుకోవాలి. ఆ హద్దులోపల ఉండాలనుకునేవారు 3 అంగుళాలో ఇంకా చిన్నవో ఎంచుకోవచ్చు, కానీ అంత చిన్న బోర్డుల మీద టంకం పెట్టడానికి చేయి బాగా కుదరాలి.

వంటింటి త్రాసు మీద మా అమ్మాయి ఒక్కో భాగం తూచి నోటుపుస్తకంలో రాసింది. ఫ్రేమ్ 280, నాలుగు మోటార్లు 212, నాలుగు ఈఎస్‌సీలు 100, బ్యాటరీ 180, ప్రొపెల్లర్లు 50, డ్రోన్‌ను గాలిలో తూకంగా నిలిపే చిన్న కంప్యూటర్ బోర్డు (ఫ్లైట్ కంట్రోలర్), రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవరు, తీగలు కలిపి 80 గ్రాములు. అన్నీ కలిపితే 902. నాలుగు మోటార్ల పూర్తి ఎత్తే బలం మొత్తం బరువుకు కనీసం రెట్టింపు ఉండాలి. అప్పుడే పుల్ల సగం దగ్గర డ్రోన్ గాలిలో నిలుస్తుంది, గాలి తోసినప్పుడు సర్దుకోవడానికి మిగతా సగం చేతిలో ఉంటుంది. మేము తీసుకున్న 2212 మోటారు 10 అంగుళాల ప్రొపెల్లర్‌తో 700 గ్రాములకు పైగానే ఎత్తుతుంది. నాలుగింటికి 2,800 అనుకున్నా మూడు రెట్లు ఉంది. చాలు. ఆ 2212లో 22 అనేది మోటారు లోపల తిరగకుండా ఉండే, తీగ చుట్టిన భాగం (స్టేటర్) వ్యాసం, 12 దాని ఎత్తు, మిల్లీమీటర్లలో. లోపల 12 పళ్లు, చుట్టూ 14 అయస్కాంతాలు. విప్పి అరచేతిలో పెట్టుకున్నప్పుడు ముప్పై ఏళ్లుగా నేను చుడుతున్న మూడు ఫేజుల మోటారే చిన్నబిడ్డ రూపంలో కనిపించింది. బయటికి వచ్చే మూడు తీగల్లో ఏ రెండింటిని మార్చినా అది ఎదురు దిక్కులో తిరుగుతుంది, నీటి పంపు మోటారులో మార్చినట్టే. రెండు మోటార్లు ఒక దిక్కుకూ రెండు ఎదురు దిక్కుకూ తిరగాలి, మూలకు మూల ఒకే దిక్కు. లేకపోతే డ్రోన్ తన చుట్టూ తానే తిరిగిపోతుంది. తీగలు మార్చే పని మా అమ్మాయే చేసింది.

ఎక్కువసేపు ఎగరాలని పెద్ద బ్యాటరీ పెట్టాలన్న ఆశ అందరికీ ఉంటుంది. మేము పెట్టినది 2200 మిల్లీ ఆంపియర్ అవర్. గాలిలో నిలిచినప్పుడు మా డ్రోన్ సుమారు 12 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీలో అయిదో వంతు మిగిల్చి దించితే ఎనిమిది తొమ్మిది నిమిషాలు వస్తుంది. 5000ది పెడితే సామర్థ్యం రెట్టింపు దాటుతుంది, ఎగిరే సమయం మాత్రం ఒకటిన్నర రెట్లకు కొంచెం ఎక్కువే పెరుగుతుంది. గాలిలో నిలిచే బరువు రెట్టింపైతే కావలసిన శక్తి రెట్టింపుతో ఆగదు, దాదాపు 2.8 రెట్లు అవుతుంది. ఈ ఒక్క లెక్క మీ వ్యాసంలో ఉండి ఉంటే ఎంతమంది పిల్లలకు మేలు జరిగేదో!

తక్కువ డబ్బు ఉన్నవాళ్లం ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు అన్నదే అసలు ప్రశ్న. ఫ్రేమ్‌లో తగ్గించవచ్చు. నైలాన్ చేతుల మామూలు ఫ్రేమ్ చాలు, గట్టి చెక్క పుల్లలతో చేసుకున్నా ఎగురుతుంది. చెక్క మోటార్ల అదురును కొంత మింగుతుంది కూడా. కార్బన్ ఫైబర్ తేలికైనది, గట్టిది, కానీ దానిలో కరెంటు పారుతుంది. తెలియని చేతులు తొక్క ఊడిన తీగను దానికి ఆనిస్తే షార్ట్ అవుతుంది. రిసీవర్ యాంటెన్నాను దాని చాటున పెడితే సిగ్నల్ తగ్గిపోతుంది. ఇక ఈఎస్‌సీలు. బ్యాటరీ ఇచ్చే కరెంటును మూడు ఫేజులుగా మార్చి మోటారుకు అందించేవి ఇవే. నాలుగూ ఒకే బోర్డు మీద ఉండేవి చూడటానికి పొందికగా ఉంటాయి. మొదటిసారి కట్టేవాళ్లకు మాత్రం విడివిడిగా ఉండేవే నయం. ఒకటి కాలితే ఒకటే మార్చుకుంటాం, నాలుగూ పోవు. మోటారు 15 ఆంపియర్లు లాగితే ఈఎస్‌సీ 20కి తగ్గకూడదు. మేము 30 పెట్టాం.

ఫ్లైట్ కంట్రోలర్ విషయంలో పాతవి చవకగా దొరుకుతున్నాయని తీసుకోవద్దు. పాత 8 బిట్ల బోర్డులకు కొత్త సాఫ్ట్‌వేర్ రాదు. ఎఫ్405 ప్రాసెసర్ ఉన్నది తీసుకుంటే బీటాఫ్లైట్ గానీ ఐనావ్ గానీ ఉచితంగా ఎక్కించుకోవచ్చు. చేతితో ఎగరడం నేర్చుకోవడానికి మొదటిది, జీపీఎస్‌తో ఒకచోట నిలబెట్టాలనుకుంటే రెండోది. ఎంతోమంది తమ సమయం పెట్టి రాసి అందరికీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్లు అవి. వాళ్లకు నేను మనసారా రుణపడి ఉన్నాను.

రిమోట్‌లో అసలు తగ్గించవద్దు. అన్నిటిలోకీ అది ఒక్కటే గాలిలోకి లేవదు, కింద పడదు, విరగదు. ఈ డ్రోన్ పోయి రేపు ఇంకొకటి కట్టినా రిమోట్ అదే ఉంటుంది. కంప్యూటర్‌కు తగిలించి సిమ్యులేటర్‌లో సాధన చేసుకునే వీలున్నది కొనాలి. మా అమ్మాయి భాగాలు రాకముందే రెండు నెలలు కంప్యూటర్‌లో ఎగరేసింది. అక్కడ ఎన్నిసార్లు కూల్చిందో లెక్కే లేదు. నిజమైన డ్రోన్ మొదటి రోజు ఒక్కసారి కూడా పడలేదు. రిసీవర్ ఆ రిమోట్ భాషలో మాట్లాడేదే కావాలి, వేరే రకం తెస్తే రెండూ కలవవు. ఒక పరీక్ష తప్పనిసరి. ప్రొపెల్లర్లు తీసేసి, మోటార్లు తిరుగుతుండగా రిమోట్ ఆపేయాలి. మోటార్లు ఒకటి రెండు సెకన్లలో ఆగాలి. ఆగకపోతే ఆ సెట్టింగు సరిచేసేదాకా డ్రోన్ బల్ల దిగకూడదు.

బ్యాటరీ, ఛార్జర్‌లోనూ అంతే. డ్రోన్లకు వాడే లిథియం పాలిమర్ (లైపో) బ్యాటరీ మీద ముద్రించిన సీ అంకెను సామర్థ్యంతో గుణిస్తే అది ఇవ్వగల కరెంటు వస్తుంది. 2.2 ఆంపియర్ అవర్, 30సీ అయితే 66 ఆంపియర్లు. ముద్రించిన అంకెలను చాలాసార్లు పెంచి వేస్తుంటారు కాబట్టి, మనకు కావలసిన దానికంటే కాస్త పైన చూసుకోవాలి. నిండిన సెల్ 4.2 వోల్టులు, అంతకు ఒక్క పిసరు దాటకూడదు. 3 వోల్టులకు దిగితే సెల్ పాడైనట్టే. మూడు సెల్స్‌నూ విడివిడిగా చూసి సమం చేసే బ్యాలెన్స్ ఛార్జరే వాడాలి. మా బ్యాటరీని 2.2 ఆంపియర్లకు మించి ఛార్జ్ చేయం. రాతి పలక మీద పెట్టి, అది నిండేదాకా ఆ గదిలోనే ఎవరో ఒకరం కూర్చుంటాం. వారం పాటు ఎగరేయకపోతే ఒక్కో సెల్‌ను 3.8 వోల్టుల దగ్గర ఉంచుతాం. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ వాడకూడదు. తక్కువ వోల్టేజీకి మోగే చిన్న అలారం ఒకటి బ్యాలెన్స్ ప్లగ్గుకు తగిలించుకుంటే పెద్ద ఖర్చు ఉండదు.

మాకు జరిగిన రెండు పొరపాట్లు కూడా రాస్తాను, ఇవి ఏ జాబితాలోనూ కనిపించవు. మోటార్లతో పాటు వచ్చిన స్క్రూలు 8 మిల్లీమీటర్ల పొడవు. మా ఫ్రేమ్ చేయి మందం తక్కువ. మా అమ్మాయి మూడు మోటార్లు బిగించి నాలుగోది బిగిస్తుంటే చివరి చుట్టులో స్క్రూ కొంచెం మెత్తగా దిగినట్టనిపించిందని చెప్పింది. వెంటనే విప్పించాను. దీపం కింద తిప్పి చూస్తే స్క్రూ రంధ్రం పైన, కాయిల్ అడుగున, గోటితో గీకినంత గీత. దాని మధ్యలో ఎనామెల్ పోయి రాగి ఎర్రగా మెరుస్తోంది. మల్టీమీటర్ ఒక మొన మోటారు తీగకు, ఇంకొకటి మోటారు ఒంటికి పెట్టాను. బీప్ అని మోగింది. అక్కడ అది ఎప్పటికీ మోగకూడదు. అలాగే ఎగరేసి ఉంటే ఈఎస్‌సీ కాలిపోయేది, డ్రోన్ గాలిలోనే పల్టీ కొట్టేది. నాకు చేతనైన పని కాబట్టి సన్నని కుంచెతో వార్నిష్ రాసి, ఆరబెట్టి, 6 మిల్లీమీటర్ల స్క్రూలతో బిగించాం. ఆ పని తెలియని ఇంట్లో ఆ మోటారు పోయినట్టే. స్క్రూ పొడవులోంచి ఫ్రేమ్ మందం తీసేస్తే మోటారు లోపలికి ఎంత దిగుతుందో తెలుస్తుంది. కొనేముందే ఆ రెండూ చూసుకోవాలి, బిగించాక మీటర్ పెట్టి చూసుకోవాలి.

రెండోది టంకం దగ్గర. వైండింగ్ చేసిన మోటారుకు మేము నేరుగా కరెంటు ఇవ్వం, మధ్యలో సిరీస్ బల్బు పెట్టి చూస్తాం. డ్రోన్‌కూ అదే చేశాను. కారుకు వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బును బ్యాటరీ తీగకు మధ్యలో పెట్టాం. అంతా సరిగా ఉంటే అది ఒక్క క్షణం మెరిసి ఆరిపోవాలి. మాది వెలిగింది, వెలుగుతూనే ఉంది. బ్యాటరీ పీకేసి భూతద్దంతో వెతికితే బ్యాటరీని తగిలించే ఎక్స్‌టీ60 కనెక్టర్ వెనక రెండు కొసల మధ్య వెంట్రుకంత టంకం పోగు కనిపించింది. సూదితో తీసేశాం. మళ్లీ తగిలిస్తే బల్బు మెరిసి ఆరిపోయింది. బల్బు లేకుండా తగిలించి ఉంటే ఆ పోగు నిప్పురవ్వలై చిమ్మేది, దాన్ని పట్టుకున్నది మా అమ్మాయి చేయి. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్క బల్బు, రెండు తీగలు. మీరు ఇకముందు ఏ జాబితా వేసినా అందులో మొదటి వరసలో దీన్ని చేర్చండి.

ప్రొపెల్లర్లు ఎప్పుడూ రెండు జతలు అదనంగా ఉండాలి. నేర్చుకునేటప్పుడు విరిగేవి అవే. బల్ల మీద బ్యాటరీ తగిలించి పని చేస్తున్నంతసేపూ డ్రోన్‌కు ప్రొపెల్లర్లు ఉండకూడదు. మా ఇంట్లో అవి ఒక డబ్బాలో ఉంటాయి. అన్నీ చూసుకున్నాక మైదానంలో మా అమ్మాయే తీసి బిగిస్తుంది, నేను చుట్టుపక్కల ఎవరూ లేరని చూసి చెప్తాను.

ఒకే పెట్టెలో అన్నీ వచ్చే కిట్లను మీ వ్యాసం మెచ్చుకుంది. కిట్ తప్పని అనను. దానిలోని బరువులు, ప్రొపెల్లర్, కేవీ, బ్యాటరీ ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో పైన రాసిన లెక్కతో ఎవరైనా పది నిమిషాల్లో చూసుకోవచ్చు. సరిపోతే తీసుకోవచ్చు. మాకు ఒక్కోటి వెతికి, తూచి, తేవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో మా అమ్మాయి ఓమ్ సూత్రాన్ని పరీక్ష కోసం కాక తన మోటారు కోసం నేర్చుకుంది.

మీకు నా విన్నపం ఒక్కటే. ల్యాప్‌టాప్ సెల్స్ వాడవచ్చన్న మాటను వచ్చే ఆదివారమే, అదే అనుబంధంలో, అదే పేజీలో, కనిపించేలా వెనక్కి తీసుకోండి. ఆ వ్యాసాన్ని కత్తిరించి దాచుకున్న పిల్లలు ఉంటారు, మా ఇంట్లోనే ఒకరు ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఈపాటికే ఒక పాత ల్యాప్‌టాప్ వెతికి పక్కన పెట్టుకుని ఉండవచ్చు. మా అమ్మాయి బరువుల లెక్క రాసిన రెండు పేజీల నకలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పనికొస్తుందనిపిస్తే సవరణ పక్కనే వేయండి.

ఇట్లు,
మోటార్ వైండింగ్ పనివాడు, మీ పాఠకుడు